మసి పట్టిన వాసాలు

మొన్న భోగి తెల్లవారుజామున మా వీధి కుర్రాళ్లు మంటలో ఓ పాత ద్వారబంధం తెచ్చి పడేశారు. పక్క సందులో ఎవరో పెంకుటిల్లు పడగొట్టి డాబా కడుతున్నారట, అందులోది. పిడకలు, తాటాకులు కాలిన వాసన వేరు. ఏళ్ల తరబడి వంటపొగ పీల్చుకున్న కలప కాలితే వచ్చే వాసన వేరు. కాస్త చేదుగా గొంతులో పట్టుకుంటుంది. అది తగలగానే వీధి, మంట, కుర్రాళ్ల కేకలు అన్నీ మర్చిపోయాను. ఇంగ్లండ్‌లో, కెంట్ కౌంటీలో ఒక రైతు ఇంటి అటక కళ్ల ముందుకొచ్చింది. ఆ ఇంటావిడ పోయారన్న కబురు కిందటి నెలే అందింది. అప్పట్నుంచీ రాయాలనుకుంటూనే ఉన్నాను.

అప్పటికి నాకు పాతికేళ్లుంటాయేమో. ఇంజనీరింగ్ అయ్యాక పై చదువుకని వెళ్లి, అది కాగానే పాత కట్టడాలకు మరమ్మతులు చేయించే ఒక చిన్న ఆఫీసులో చేరాను. నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని ఆ ఇల్లే. టెంటర్డెన్ నుంచి వచ్చే బస్సు దిగి, రెండు వైపులా ముళ్లకంచెలున్న సన్నటి దారిలో చాలాసేపు నడవాలి. బస్సులు తక్కువ. రోజూ నా అవస్థ చూసి ఇంటావిడే, "పైన ఓ గది ఖాళీగా ఉంది, అందులో ఉండిపోరాదూ" అన్నారు. అలా పని నడిచినన్నాళ్లూ అక్కడే ఉన్నాను. ఊరి పేరు, ఇంటి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇప్పుడు అందులో వేరేవాళ్లు ఉంటున్నారు.

* * *

ఎదురుగా నిలబడి చూస్తే రెండున్నర వందల ఏళ్ల నాటి ఇటుక ఇల్లనే అనుకుంటాం. కింద ఎర్ర ఇటుక గోడ. పై అంతస్తు గోడకు వరసలు వరసలుగా వేలాడదీసిన మట్టి పెంకులు. గోడలకు కూడా పెంకులు తొడగడం కెంట్, ససెక్స్ వైపు మామూలే, వానజల్లు గోడను తాకకుండా. సరిగ్గా మధ్యలో తలుపు, అటూ ఇటూ సమానంగా తెల్లరంగు వేసిన కిటికీలు.

మా వడ్రంగి పెద్దాయన నన్ను అక్కడ నిలబడనివ్వలేదు. "ఇది పద్దెనిమిదో శతాబ్దంలో తొడుక్కున్న కోటు. లోపలి మనిషిని చూద్దువుగాని రా" అని వెనక్కి తీసుకెళ్లారు. అప్పటికే ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. చిన్నప్పటి నుంచీ ఓక్ కలప తప్ప వేరేది ముట్టని మనిషి. నడుముకి కట్టిన తోలు సంచిలో ఉలి, సుద్దముక్క, చేతిలో టార్చి, అంతే ఆయన సరంజామా.

వెనకవైపు ఇటుక లేదు. బూడిద రంగుకి తిరిగిన లావుపాటి ఓక్ గుంజలు, వాటి మధ్య సున్నం కొట్టిన మట్టి గోడలు. ఒక్క గుంజ కూడా తిన్నగా లేదు. ఆ రోజుల్లో ఓక్ చెట్టు కొట్టి ఆరబెట్టేవారు కాదట. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కి, ఒక ముక్క రెండో దాని బెజ్జంలో దూరేలా కుసులు తీసి, చెక్క సీలలు దిగ్గొట్టి నిలబెట్టేసేవారు. ఎండిన ఓక్‌ని ఉలితో చెక్కడం చాలా కష్టం. పచ్చిది వెన్నలా తెగుతుంది అంటారు కానీ అదేం కాదు, నేను చెక్కి చూశాను, చెయ్యి నొప్పెడుతుంది. ఎండినదాని కన్నా నయం, అంతే. ఇల్లు నిలబడ్డాకే కలప ఆరుతూ, మెలిక తిరుగుతూ, సీలల్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఆ వంకరలన్నీ ఇంటికి మొదటి కొన్నేళ్లలో వచ్చినవే.

* * *

అటక మీదికి వెళ్లే దారి నా గది పక్కనే. చిన్న చెక్క మూత పైకెత్తి, నిచ్చెన వేసుకుని ఎక్కాలి. పెద్దాయన ముందు, నేను వెనక. పైన నిటారుగా నిలబడేంత ఎత్తుంది. ఆయన టార్చి ఒక వాసం మీద వేసి, "చెయ్యి పెట్టి రుద్దు" అన్నారు.

రుద్దాను. వేళ్లకు నల్లటి మసి. పైపైన పట్టిన దుమ్ము కాదు. కలపలోకి ఇంకి గట్టిపడిపోయి, అక్కడక్కడ తారులా మెరుస్తున్న మసి. ముక్కు దగ్గర పెట్టుకుంటే చేదు వాసన. పొయ్యి ఆరిపోయి నాలుగొందల ఏళ్లు దాటింది, వాసన మాత్రం పోలేదు.

ఆయన ఏమీ చెప్పకుండా టార్చిని పక్కకు తిప్పారు. ఒక తడిక గోడ అడ్డంగా ఉంది. దాని కన్నంలోంచి అటు వెలుతురు వేశారు. అటువైపు వాసాలు కూడా అదే ఓక్, అదే చెక్కుడు. కానీ మసి లేదు. లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉన్నాయి. ఆ తడిక గోడకు మెత్తిన మట్టి కూడా ఇటువైపు నల్లగా, అటువైపు మట్టి రంగులోనే ఉంది.

"ఏమర్థమైంది?" అన్నారు.

"ఇటువైపే పొయ్యి ఉండేది" అన్నాను.

"పొయ్యి ఉండేది. పొగగొట్టం ఉండేది కాదు" అన్నారు.

అక్కడే, ఆ చీకట్లో దూలం మీద కూర్చుని, ఇల్లు ఎలా పుట్టిందో చెప్పారు. 1348, 49లలో వచ్చిన ప్లేగు ఇంగ్లండ్‌లో మూడోవంతుకు పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. పొలాల్లో పనికి మనుషులు లేరు. కూలి రేట్లు పెరిగాయి. బతికి బయటపడ్డవాళ్లలో కొందరు భూమి కూడబెట్టుకుని కాస్త స్థితిమంతులయ్యారు. జమీందార్లు కారు, పాలేర్లూ కారు, సొంత కాళ్ల మీద నిలబడ్డ రైతులు. వీల్డ్ అని పిలిచే ఆ బంకమట్టి నేలల్లో ఓక్ అడవులకు కొదవ లేదు. అలాంటి రైతులు ఆ తర్వాతి నూటయాభై ఏళ్లలో కట్టుకున్న ఇళ్లు ఇవి. ఆ ప్రాంతం పేరు మీదే వీటిని వీల్డెన్ ఇళ్లంటారు.

మధ్యలో పెద్ద హాలు. దానికి పై అంతస్తు లేదు, నేల నుంచి కప్పు దాకా ఒకటే ఖాళీ. ఒక చివర యజమాని గది, రెండో చివర తిండి సామాను, పానీయాలు పెట్టుకునే రెండు చిన్న గదులు. చివర్లలో మాత్రమే మేడ గదులు. ఆ మేడ గదుల నేల గోడ దాటి బయటికి చొచ్చుకొస్తుంది కాబట్టి, వీధిలోంచి చూస్తే మధ్య హాలు వెనక్కి జరిగినట్టుంటుంది. కప్పు మాత్రం మూడింటికీ కలిపి ఒక్కటే. హాలు నేల నడుమ పొయ్యి. దాని చుట్టూనే వంట, తిండి, పని, నిద్ర. పొగ పైకి లేచి వాసాల్లో తిరిగి పెంకుల సందుల్లోంచి, కప్పు కొసల్లో వదిలిన కంతల్లోంచి మెల్లగా పోయేది. కిటికీలకు అద్దాల్లేవు, నిలువు కర్ర కమ్మీలూ చెక్క తలుపులూ ఉండేవి. ఆ కమ్మీలు దిగిన బెజ్జాలు డైమండ్ ఆకారంలో వరసగా పై దూలం అడుగున ఇప్పటికీ ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా మనసులో నిలిచిపోయింది కప్పు మధ్యన నిలబడ్డ గుంజ. అడ్డదూలం మీద నిలిచి, నాలుగు వైపులా వంపు చేతులు చాపి కప్పుని మోస్తోంది. దాని తలకట్టును, అడుగును వడ్రంగి ఎంతో శ్రద్ధగా చెక్కాడు, ఎనిమిది పలకలు తీసి, అంచుల్లో వంపులు తిప్పి. కింద హాల్లో పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లు తలెత్తితే కనపడాలని చెక్కిన పని అది. తర్వాత హాలుకి పై అంతస్తు వచ్చి, పైకప్పు అటక అయిపోయింది. అప్పట్నుంచీ ఆ చెక్కుడు పని చీకట్లోనే ఉంది. ఎలకలు, గబ్బిలాలు, ఎప్పుడైనా మాలాంటి వాళ్లు తప్ప చూసినవాళ్లు లేరు. పెద్దాయన దాని మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉండిపోయారు. ఎక్కిన ప్రతిసారీ అలా చేసేవారు.

* * *

ఇంటావిడ రోజు ఐదింటికి మొదలయ్యేది. ముందు వంటింట్లో ఇనప స్టవ్ బూడిద గీకే చప్పుడు. తర్వాత బొగ్గు డొక్కు, కుక్క గోళ్లు రాతి నేల మీద టకటకలాడటం, వెనక తలుపు గడియ. ఆ తలుపు గడియకు ఒక ప్రత్యేకమైన చప్పుడుంది, ఇనుము పైకి లేచి కిందపడే 'టక్'. దాంతో నాకు మెలకువ వచ్చేది. భర్త పోయి చాలా ఏళ్లయినా గొర్రెల్ని మాత్రం వదల్లేదావిడ. ఉదయం చలిలో వాటిని చూసుకుని వచ్చి, టీ పెట్టి, మెట్ల కింద నుంచి ఒక్క కేక వేసేవారు.

రాత్రి ఇంకో రకం చప్పుళ్లు. గాలి వీస్తే ఇల్లంతా ఒళ్లు విరుచుకునేది. ఏప్రిల్, మే నెలల్లో గోడలోంచి టిక్ టిక్ టిక్ మని వరసగా కొట్టిన చప్పుడు. మొదట గడియారం అనుకున్నాను. పాత ఓక్‌లో బతికే ఒక పెంకుపురుగు తలతో కలపను కొడుతూ జతను పిలుస్తుందట. పెద్దాయన పెన్సిల్ చివరతో గుంజ మీద అదే లయలో కొట్టి చూపించారు. కాసేపటికి లోపల్నుంచి జవాబు వచ్చింది. ఆయన మొహంలో నవ్వు, వెంటనే దిగులు. ఆ పురుగు ఉందంటే లోపల ఎక్కడో తడి ఉందన్నమాట. దాని సంగతి తర్వాత చెప్తాను.

* * *

చిమ్నీ వచ్చాక ఇల్లంతా మారిపోయింది. ఇప్పటికీ ఎవరైనా నన్ను ఇళ్ల చరిత్ర గురించి అడిగితే ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

పదహారో శతాబ్దంలో హాలు మధ్యలో ఉన్న పొయ్యిని తీసేసి, ఒక పక్కగా పెద్ద ఇటుక చిమ్నీ కట్టారు. పొగకు ఒక దారి దొరికింది. పొగ లేకపోతే కప్పు దాకా ఖాళీ వదలాల్సిన పని లేదు. అందుకని హాలుకి అడ్డంగా లావుపాటి దూలాలు వేసి, పై అంతస్తు నేల పరిచారు. మేడ మీద ఒక గది కలిసొచ్చింది. ఆ గదికి వెళ్లడానికి చిమ్నీ పక్కన మెలిక మెట్లు. మెట్లొచ్చాక ఎవరి గది వాళ్లకి. అంతవరకూ యజమాని, పనివాళ్లు, పిల్లలు అంతా ఒక పొయ్యి చుట్టూ తిన్నవాళ్లు గదుల్లోకి విడిపోయారు. ఒక్క పొగగొట్టం ఇన్ని పనులు చేసింది.

ఎసెక్స్‌లో రాడ్వింటర్ అనే ఊళ్లో విలియం హారిసన్ అనే చర్చి గురువు ఉండేవాడు. తన ఊరి ముసలివాళ్లు తమ కాలంలో చూసిన మూడు పెద్ద మార్పుల్లో మొదటిది ఈ చిమ్నీలేనని చెప్పుకునేవారని ఆయన 1577లో రాశాడు. వాళ్ల చిన్నప్పుడు ఊరికి రెండో మూడో ఉండేవట. ఇంకో మాట కూడా రాశాడు. పొగ ఇంటి కలపను గట్టిపరుస్తుందని, ఇంట్లోవాళ్లకు జలుబు రాకుండా కాపాడుతుందని పాతవాళ్లు నమ్మేవారట. ఇంటావిడకు ఈ మాట చెబితే, "మా అత్తగారు కూడా అదే అనేది" అన్నారు సీరియస్‌గా.

ఆ చిమ్నీ కింద ఫైర్‌ప్లేస్ ఎంత పెద్దదంటే లోపల రెండు పక్కలా కూర్చోవడానికి అరుగులున్నాయి. పైన అడ్డంగా ఒకే ఓక్ దూలం. దాని మీద పుస్తకంలో దొరకని సంగతులు చాలా ఉన్నాయి. ఒక చోట రెండు వీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడేలా గీశారు. ఇంకో చోట వృత్తంలో ఆరు రేకుల పువ్వు, కంపాస్‌తో గీసినట్టు. అక్కడక్కడ కన్నీటి బొట్టు ఆకారంలో కాలిన గుర్తులు, కావాలని దీపం పెట్టి కాల్చినవి. పొగగొట్టం ఆకాశానికి తెరిచి ఉంటుంది కదా, దాంట్లోంచి చెడు ఏదైనా దిగుతుందని భయం. ఆ భయానికి కాపలా ఈ గుర్తులు. అలాంటి ఇళ్లలో చిమ్నీ పక్కన దాచిపెట్టిన పాత చెప్పులు దొరకడం కూడా మామూలే. అలా దొరికిన వాటి వివరాలన్నీ నార్తాంప్టన్ మ్యూజియం వాళ్లు రాసి పెట్టుకుంటారు. మేం పని చేసిన ఇంట్లో చెప్పులు దొరకలేదు. నేను చిన్నప్పుడు గుమ్మానికి గుమ్మడికాయ కట్టిన ఇంట్లో పెరిగాను, అందుకేనేమో ఆ గుర్తులు గీసినవాళ్ల మనసు నాకు కొత్తగా అనిపించలేదు.

1662లో ప్రభుత్వం పొయ్యికి ఏటా రెండు షిల్లింగులు పన్ను వేసింది. 1689లో అది పోయింది. 1696లో కిటికీల పన్ను వచ్చి 1851 దాకా ఉంది. మా ఇంటి తూర్పు గోడలో ఒక కిటికీకి ఇటుక అడ్డం కట్టేసి ఉంటే అది పన్ను భయంతోనే అని వచ్చినవాళ్లందరూ చెప్పేవారు. పెద్దాయన ఒప్పుకునేవారు కాదు. "లోపల బీరువా పెట్టుకోవడానికి కట్టి ఉంటారు. మూసిన ప్రతి కిటికీకీ పన్ను కథ చెప్పడం బద్ధకం" అనేవారు. ఆయన మాటే సరైనదని నాకిప్పటికీ అనిపిస్తుంది. పన్ను ఆనవాలు నిజంగా ఉన్నది వేరే చోట, ఉత్తరం వైపు పాలగదిలో. వెన్న, చీజ్ చేసుకునే గదుల కిటికీలకు పన్ను మినహాయింపు ఉండేది, కానీ ఆ గది ఏమిటో పైన రాసి పెట్టాలి. ఆ గుమ్మం మీద సున్నం పొరల కింద 'డెయిరీ' అన్న నల్ల అక్షరాలు సగం సగం కనిపించేవి.

పాలగది ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది. రాతి అరుగులు, గాలి ఆడటానికి చెక్క పలకల కిటికీ. అందులో పని ఆగిపోయి ఎన్నాళ్లయిందో కానీ పుల్లటి పాల వాసన ఇంకా ఉండేది. ఇంటావిడ అక్కడ ఆపిల్స్ నిలవ చేసేవారు, ఒకటికొకటి తగలకుండా, పాత న్యూస్ పేపర్లలో చుట్టి. రోజూ సాయంత్రం ఒకసారి వెళ్లి వాసన చూసి, కుళ్లు తగిలినదాన్ని ఏరి పక్కన పెట్టేవారు.

పెరట్లో హాప్స్ ఆరబెట్టే గుండ్రటి బట్టీ ఉంది, కప్పు శంఖంలా పైకి పోయి కొసన తెల్లటి చెక్క టోపీతో. బీరులో వేసే ఆ హాప్స్ కోయడానికి లండన్ ఈస్ట్ ఎండ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు ప్రతి సెప్టెంబరూ దిగేవట. తర్వాత మిషన్లొచ్చి వాళ్లు రావడం మానేశారు. ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ ఆఖరి రోజుల్ని చూశారు. రాత్రిళ్లు మంటల దగ్గర పాటలు, తెల్లారేసరికి వంద మంది పిల్లల గోల. "ఆ నెల రోజులూ ఇల్లు ఇల్లులా ఉండేది" అని మాత్రం అనేవారు.

* * *

ఇక పురుగు సంగతి. ఎప్పుడో యాభై, అరవై ఏళ్ల కిందట పడమటి గోడకు ఎవరో సిమెంట్ పూత పూశారు. చూడ్డానికి నున్నగా, గట్టిగా ఉంది. సున్నం పూత తడిని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. సిమెంట్ వదలదు. సన్నటి పగుళ్లలోంచి దిగిన వాన నీరు లోపలే చిక్కి, ఓక్‌ని నానబెట్టింది. పూత ఊడగొట్టగానే అడుగు దూలం చేత్తో తీస్తే ముక్కలుగా వచ్చింది. గోధుమ రంగు పిండి. ఐదొందల ఏళ్లు నిలబడ్డ కలప యాభై ఏళ్లలో అలా అయిపోయింది. పెద్దాయన ఆ రోజు మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు.

కుళ్లినంత మేరే కోసి, మిగతాది కదలనివ్వకుండా కొత్త పచ్చి ఓక్ ముక్కను మెలి అతుకు వేసి కలపాలి. మంచిగా ఉన్న పాత కలపను ఒక్క వేలెడు కూడా అనవసరంగా తీయకూడదన్నది వాళ్ల నియమం. 1877లో విలియం మోరిస్ అనే కవి, డిజైనర్, ఆయన స్నేహితులు పాత కట్టడాల రక్షణ కోసం ఒక సంఘం పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. కొత్తగా మార్చి పాతదిలా నటింపజేయొద్దు, రోజూ చూసుకుంటూ నిలబెట్టండి అని దాని సారాంశం. కొత్త ముక్క పెట్టాక దాని మీద ఆ సంవత్సరం చిన్నగా చెక్కేవారు పెద్దాయన, తర్వాత వచ్చేవాళ్లు తడబడకుండా.

సీలలు దిగ్గొట్టే తీరు నాకు చాలా నచ్చేది. కుసిలో బెజ్జం, దూలంలో బెజ్జం సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, కావాలనే కొంచెం జరిపి వేస్తారు. సీల దిగుతున్నకొద్దీ రెంటినీ దగ్గరకు లాగి బిగిస్తుంది. ఒక్క ఇనప మేకు లేదు. ప్రతి అతుకు దగ్గరా రోమన్ అంకెలు గీసి ఉన్నాయి, ఇటు ముక్క మీద నాలుగు గీతలుంటే అటు ముక్క మీదా నాలుగు. చట్రమంతా ముందు నేల మీద పడుకోబెట్టి బిగించి చూసుకుని, నంబర్లు గీసి, విప్పి, ఇంటి చోటుకు తెచ్చి మళ్లీ నిలబెట్టేవారన్నమాట. పేరు తెలియని ఒక వడ్రంగి చేతి గీత నా వేలి కింద అంత స్పష్టంగా ఉండటం నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరించేలా చేసేది.

గోడల్లో మట్టి మెత్తడం మాత్రం నా రోజు. ఓక్ పుల్లలు నిలబెట్టి, హేజెల్ అనే చెట్టు బెత్తాలు అల్లి, దాని మీద రెండు వైపుల నుంచీ మట్టి కొట్టాలి. బంకమట్టి, తరిగిన గడ్డి, ఆవు పేడ, నీళ్లు. అన్నీ కలిపి కాళ్లతో తొక్కాలి. ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాళ్లు పేడ చూసి గ్లౌజుల కోసం వెతుక్కుంటుంటే నేను ప్యాంటు మడిచి దిగిపోయాను. మా అమ్మమ్మ ఊళ్లో సంక్రాంతికి ముందు అరుగులు మెత్తి, పేడతో అలికిన చేతులివి. మట్టి ఎంత పదునుకి రావాలో, నీళ్లు ఎక్కడ ఆపాలో ఒకరు చెప్పక్కర్లేదు. పెద్దాయన నా తొక్కుడు చూసి, పిడికెడు తీసి నలిపి, మిగతావాళ్లతో "ఇంకేం కలపకండి, ఇది చాలు" అన్నారు. నా ఉద్యోగ జీవితంలో అంతకు మించిన సర్టిఫికెట్ రాలేదు. సాయంత్రం ఇంటావిడ గంజిలాంటి వేడి సూప్ ఇస్తూ, మీ ఊళ్లో ఇళ్లెలా ఉంటాయని మొదటిసారి అడిగారు. మండువా, నడుమ వాకిలి, చుట్టూ వసారా, వాన పడితే నాలుగు చూరుల నుంచీ నీళ్లు ఇంటి మధ్యలోకి దిగడం, అన్నీ పేపరు మీద గీసి చూపించాను. "మీకు వాన ఇంటి మధ్యలోకి వచ్చేదా, మాకు పొగ ఉండేది" అన్నారు. ఆ కాగితం స్టవ్ పైన అతికించుకున్నారు.

* * *

పని చివరికొచ్చిన రోజుల్లో ఒక ఆదివారం ముగ్గురం కలిసి ససెక్స్‌లోని సింగిల్టన్‌కి వెళ్లాం. అక్కడ పాత ఇళ్లను తెచ్చి నిలబెట్టిన ఆరుబయలు మ్యూజియం ఉంది, వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్. దాంట్లో 'బేలీఫ్' అని పిలిచే ఒక పాత రైతు ఇంటిని చూడాలని పెద్దాయన పట్టుబట్టారు. కెంట్‌లో చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండేది అది. 1405, 1430ల మధ్య కట్టిన హాలు, దాని పక్కన మరో వందేళ్లకు, 1510కి అటూ ఇటుగా కట్టిన యజమాని గదులు. కలపలో పెరుగుదల రింగులు లెక్కపెట్టి ఆ సంవత్సరాలు తేల్చారు. బౌ బీచ్ అనే రిజర్వాయర్ కడుతుంటే ముంపులోకి వచ్చింది. 1968 ప్రాంతంలో ఒక్కొక్క దూలానికీ నంబరు వేసి విప్పదీసి, సింగిల్టన్‌కి తెచ్చి, 1972 నాటికి మళ్లీ నిలబెట్టారు. నిలబెట్టేటప్పుడు తర్వాతి కాలంలో కలిపిన చిమ్నీ, పై అంతస్తు నేల వదిలేసి, మొదట ఎలా ఉండేదో అలా చేశారు. లోపల సామాను 1540 ప్రాంతం నాటి తీరులో పెట్టారు.

మేం వెళ్లేసరికి హాలు నడుమ నేల మీద మంట వెలుగుతోంది. బయటి ఎండలోంచి లోపలికి అడుగు పెడితే ముందు ఏమీ కనపడదు. పొగ కళ్లను మండించింది. కాసేపు నిలబడితే తెలుస్తుంది, పొగ అంతా పైనే ఉంది. కూర్చుంటే గాలి బాగుంది. అప్పట్లో వాళ్ల బెంచీలు, స్టూళ్లు ఎందుకంత పొట్టిగా ఉండేవో అక్కడ కూర్చున్నాక అర్థమైంది. కమ్మీల కిటికీలోంచి వచ్చిన వెలుతురు పొగలో చారలు చారలుగా కనపడుతోంది. పైన వాసాల దగ్గర పొగ నెమ్మదిగా తిరుగుతూ ఎటూ తొందర లేనట్టు పోతోంది.

ఇంటావిడ బెంచీ మీద కూర్చుని తలెత్తి చూస్తూ ఉండిపోయారు. అరవై ఏళ్లకు దగ్గరగా అలాంటి ఇంట్లోనే కాపురం చేసిన మనిషి. తను పడుకునే గది, తను రోజూ తుడిచే పై అంతస్తు నేల, ఫైర్‌ప్లేస్ ఇవేవీ లేకముందు తన ఇల్లు ఎలా ఉండేదో మొదటిసారి చూస్తున్నారు.

చాలాసేపటికి పెద్దాయనతో, "అయితే నా మంచం ఈ గాల్లో ఉందన్నమాట" అన్నారు, చెయ్యి పైకెత్తి చూపిస్తూ.

"సరిగ్గా అక్కడే" అన్నారాయన.

తిరుగు ప్రయాణంలో ఆవిడ ఒక మాట అడిగారు. "వీళ్లు చిమ్నీ తీసేశారు కదా, మా ఇంట్లో కూడా అలా తీసి పాత హాలుని బయటపెడితే మీలాంటి వాళ్లకు ఇంకా సంతోషమా?"

పెద్దాయన కారు నడుపుతూనే గట్టిగా తల అడ్డంగా ఊపారు. "అది ముంపు నుంచి ఎత్తుకొచ్చిన ఇల్లు, మనుషులు లేని ఇల్లు. అక్కడ చూపించడానికి చేశారు, మంచిదే. మీ ఇంట్లో చిమ్నీ కట్టినవాళ్లు కూడా మీ ఇంటివాళ్లే. ఇటుక గోడ కట్టినవాళ్లూ మీ ఇంటివాళ్లే. వాళ్లను వెళ్లగొట్టి మొదటివాణ్ని మాత్రం ఉంచుకుంటారా?"

నేను అప్పటిదాకా మొదటి రూపమే అసలు రూపం అనుకునే చదువు చదువుకుని వెళ్లాను. ఈ రోజుకీ పాత ఇల్లు ఏది చూసినా ఆ కారులో విన్న మాటతోనే చూస్తాను.

* * *

నేను తిరిగొచ్చేశాను. ఏటా క్రిస్మస్‌కి ఆవిడ నుంచి కార్డు వచ్చేది. ఎక్కువగా గొర్రెల సంగతులు, ఎప్పుడైనా ఒక వాక్యం ఇంటి గురించి. పడమటి గోడ పొడిగా ఉందని. ఈ ఏడు పురుగు చప్పుడు వినపడలేదని.

చివరి కొన్నేళ్లు ఆవిడ వృద్ధాశ్రమంలో ఉన్నారు. పొలం ఒకరికి, ఇల్లు ఒకరికి అమ్మేశారు. ఆ చుట్టుపక్కల చాలా రైతు ఇళ్ల కథ ఇదే. ధాన్యం నూర్చే కొట్టాలు, హాప్స్ బట్టీలు అన్నీ లండన్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ల ఇళ్లయిపోయాయి. వాళ్లే లేకపోతే వాటిలో సగం ఎప్పుడో కూలిపోయేవి. కానీ వెనక తలుపు గడియ చప్పుడుకి నిద్ర లేచి గొర్రెల దగ్గరికి వెళ్లే మనిషి ఆ ఇంట్లో ఇంక లేరన్నది ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది.

ఆవిడ పోయిన కబురు రాసింది పెద్దాయనే. ఎనభై దాటాయి, చేతిరాత మాత్రం అలాగే ఉంది. ఇల్లు కొన్నవాళ్లు మంచివాళ్లట. హాలు మీద ఉన్న పై అంతస్తు నేల తీసేసి, అటకలో దాగిన ఆ చెక్కుడు గుంజ కింద నుంచి కనపడేలా చేద్దామని సరదాపడ్డారట. అలాంటి రక్షిత కట్టడంలో ఏం మార్చాలన్నా స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి. దానికి ముందు సలహా కోసం ఈయన్నే పిలిచారు. ఈయన వాళ్లను నేల దూలం దగ్గరికి తీసుకెళ్లి, దాని అంచుల్లో నాలుగొందల ఏళ్ల కిందటి ఉలి పనిని చూపించి, తర్వాత అటకెక్కించి గుంజను చూపించారట. ఏదో ఒకటి ఎంచుకోమంటే వాళ్లకు మనసు రాలేదు. నేల ఉంచేశారు. అటకకు మాత్రం సరైన నిచ్చెన, ఒక దీపం పెట్టించుకున్నారు, ఎవరొచ్చినా పైకి తీసుకెళ్లి చూపిస్తున్నారట.

వేసవిలో పడమటి గోడకు మళ్లీ సున్నం వేయాలట. నీళ్లు ఎప్పుడు ఆపాలో చెప్పడానికి మనిషి కావాలి, వస్తావా అని ఉత్తరం చివర్లో అడిగారు. వస్తానని రాశాను.